చేతితో విసిరే బాణం: మలి రోమన్ కాలపు ఆయుధాలకు గ్రంథసాక్ష్యం

ప్రాచీన గ్రంథాలలో ఆయుధాల పేర్లు విరివిగా కనిపిస్తాయి. ఆ పేరుగల ఆయుధం ఎంత పొడవుండేది, ఎంత బరువుండేది, దానిని ఎలా పట్టి ఎలా విసిరేవారు అన్న వివరాలు మాత్రం అరుదుగా దొరుకుతాయి. గ్రంథకర్తకూ అతని కాలపు పాఠకులకూ ఆ వస్తువు కళ్లెదుటే ఉండేది కనుక దానిని వర్ణించవలసిన అవసరం వారికి తోచలేదు. కాలక్రమాన వస్తువు మరుగునపడి పేరొక్కటే మిగిలినప్పుడు, ఆ పేరు ఆధారంగా వస్తువును తిరిగి నిర్మించడం చరిత్రకారుల బాధ్యత అవుతుంది. ఆ ప్రయత్నంలో గ్రంథాన్ని ఎంతవరకు నమ్మవచ్చు, ఎక్కడ ఆగాలి అన్న ప్రశ్నకు, రోమన్ సామ్రాజ్యపు మలిదశలో పదాతులు విసిరిన ఆయుధాల చరిత్ర మంచి ఉదాహరణగా నిలుస్తుంది.

తొలినాటి రోమన్ సైనికుడు అనగానే ‘పిలుం’ అనే బరువైన బల్లెం గుర్తుకు వస్తుంది. కొయ్యపిడికి పొడవైన సన్నని ఇనుపకడ్డీ, దాని కొసన చిన్న మొన - ఇదీ దాని స్వరూపం. ఒకే పిలుం శత్రువుల డాళ్లను కలిపి గుచ్చివేసేదనీ, ఇనుము వంగిపోవడంతో దానిని ఊడదీయలేక అనేకులు డాళ్లనే పారవేసి పోరాడవలసి వచ్చిందనీ జూలియస్ సీజర్ తన గాల్ యుద్ధాల వృత్తాంతంలో వ్రాశాడు. క్రీస్తుశకం నాల్గవ శతాబ్ది నాటికి ఈ పిలుం వాడుక బాగా తగ్గిపోయింది. దాని స్థానంలో స్పిక్యులం, వెరూటం, లాంకియా, ప్లంబాటా అనే పేర్లు వినవస్తాయి. వీటిలో ప్లంబాటా తక్కినవాటికంటే భిన్నమైనది. అది బాణంలా ఈకలు కట్టి, సీసపు గుండు తొడిగి, వింటితో కాక చేతితో విసిరే చిన్న ఆయుధం.

ధనుర్వేద విషయాలను సంగ్రహించిన మన అగ్నిపురాణం ఆయుధాలను విభజిస్తూ యంత్రంతో విడిచేవాటిని యంత్రముక్తాలనీ, చేతితో విడిచేవాటిని పాణిముక్తాలనీ పేర్కొన్నది. ఆ పరిభాషలో చెప్పాలంటే ప్లంబాటా రూపంలో బాణం, ప్రయోగంలో పాణిముక్తం. ఇటువంటి ఆయుధం ఒకటి ఉండేదని మనకు చెప్పినవి ప్రధానంగా రెండు లాటిన్ గ్రంథాలు. ఆ రెండింటి స్వభావాలు వేరు, విశ్వసనీయతలు వేరు.

వెజీషియస్ సాక్ష్యం

మొదటిది వెజీషియస్ వ్రాసిన యుద్ధశాస్త్ర సంగ్రహం. ఇందులో చనిపోయిన చక్రవర్తిగా గ్రేషియన్ ప్రస్తావన ఉన్నది కనుక అతడు మరణించిన 383కు తరువాత ఇది రచితమైంది. 450లో కాన్‌స్టాంటినోపుల్‌లో ఒక లేఖకుడు దీని ప్రతిని పరిష్కరించాడు కనుక అప్పటికే ఇది ప్రచారంలో ఉన్నది. మధ్యయుగంలో ఐరోపా రాజులూ, మఠాధిపతులూ దీనిని ఎంత ఆదరించారంటే, నేటికీ రెండువందలకు పైగా వ్రాతప్రతులు నిలిచి ఉన్నాయి.

వెజీషియస్ సేనాని కాడు. ప్రభుత్వంలో ఉన్నతపదవిలో ఉన్నవాడు. పశువైద్యం మీద కూడా గ్రంథం వ్రాశాడు. సైన్యం క్షీణించిపోతున్నదన్న ఆవేదనతో, పూర్వుల పద్ధతులను చక్రవర్తికి గుర్తుచేయాలన్నది అతని సంకల్పం. కేటో, సెల్సస్, ఫ్రాంటినస్, పాటెర్నస్ అనే పూర్వగ్రంథకర్తలనూ, అగస్టస్, ట్రాజన్, హేడ్రియన్ చక్రవర్తుల శాసనాలనూ తాను ఆధారం చేసుకున్నట్లు తానే చెప్పుకున్నాడు. చిక్కంతా ఇక్కడే వస్తుంది. అతని వాక్యాలలో ఏది అయిదారు వందల ఏండ్ల నాటి కేటో కాలానిది, ఏది తన కాలానిది అన్న విభజన చాలాచోట్ల కనిపించదు. కనుక అతడు ‘ఇప్పుడు’ అన్న మాట వాడిన ప్రతిచోటా చరిత్రకారుడు ఒక్క క్షణం ఆగవలసి ఉంటుంది. ఆ మాట వచ్చినచోట అతడు పుస్తకాన్ని పక్కన పెట్టి తన చుట్టూ చూస్తున్నాడని భావించవచ్చు.

ప్లంబాటాల గురించి అతడు మొదటి భాగంలో ఒక చిన్న అధ్యాయమే వ్రాశాడు. దాని సారాంశం ఇది. కొత్తగా చేరిన సైనికులకు సీసపు గుండుగల ఈ ఆయుధాన్ని విసరడం నేర్పాలి. దీనినే మాటియోబార్బులుస్ అని కూడా అంటారు. పూర్వం ఇల్లిరికం ప్రాంతంలో రెండు లీజియన్లు ఉండేవి, ఒక్కొక్కదానిలో 6,000 మంది. వారు దీనిని ఎంతో నేర్పుతో, బలంతో ప్రయోగించేవారు కనుక వారికి ఆ ఆయుధం పేరే వచ్చింది. అనేక యుద్ధాలలో వారు చూపిన పరాక్రమానికి మెచ్చి, డయోక్లీషియన్, మాక్సిమియన్ చక్రవర్తులయ్యాక వారికి జోవియన్లు, హెర్క్యులియన్లు అని బిరుదులిచ్చి తక్కిన లీజియన్లన్నిటికంటే మిన్నగా ఎంచారు. ఆ సైనికులు ఒక్కొక్కరు అయిదేసి ప్లంబాటాలను డాలు లోపలివైపున అమర్చుకొని వెళ్లేవారు. అదను చూసి వాటిని విసిరితే డాలు పట్టిన పదాతి ఇంచుమించు విలుకాని పని కూడా చేసినట్లవుతుంది. శత్రువులు చేతికి అందేంత దగ్గరకు రాకముందే, మామూలు బల్లేలు తగిలే దూరానికి కూడా రాకముందే, మనుషులూ గుర్రాలూ గాయపడతారు.

ఈ చిన్న భాగంలో చరిత్రకారునికి పనికివచ్చే సమాచారం చాలా ఉన్నది. డయోక్లీషియన్ 284లో అధికారానికి వచ్చాడు. 286లో మాక్సిమియన్‌ను సహచక్రవర్తిగా చేసుకున్నాడు. డయోక్లీషియన్ జూపిటర్‌నూ, మాక్సిమియన్ హెర్క్యులీస్‌నూ తమ ఇలవేల్పులుగా చాటుకున్నారు కనుక ఆ బిరుదుల సంగతి పొసగుతుంది. తరువాతి కాలపు అధికార పదవుల పట్టిక అయిన నోటీషియా డిగ్నిటాటుంలో జోవియన్, హెర్క్యులియన్ దళాలు రాచదళాలుగా నమోదై ఉన్నాయి. అంటే మూడవ శతాబ్ది చివరిపాదం నాటికే ఈ ఆయుధం వాడుకలో ఉన్నదనడానికి గట్టి ఆధారం లభించినట్లే.

ఇక 6,000 అన్న అంకెను మాత్రం అంత తేలికగా అంగీకరించలేము. నాల్గవ శతాబ్దిలో లీజియన్ పరిమాణం అంతకంటే చాలా చిన్నదని తక్కిన ఆధారాలు సూచిస్తున్నాయి. వెజీషియస్ ఇక్కడ తన పాత గ్రంథాలలోని ఆదర్శసంఖ్యను తెచ్చి పెట్టి ఉంటాడు. ఒకే అధ్యాయంలో ఒక మాట నమ్మదగినది, మరొక మాట సందేహాస్పదం కావచ్చునన్న సంగతిని ఇది గుర్తుచేస్తుంది.

ఆయుధం ఎలా ఉండేదో కూడా వెజీషియస్ చెప్పలేదు. పొడవు చెప్పలేదు, బరువు చెప్పలేదు, ఈకల మాటే ఎత్తలేదు. అతని గ్రంథమొక్కటే మిగిలి ఉంటే సీసపు గుండ్లు విసిరేవారేమోననే మనం అనుకునేవాళ్లం. పేరు విషయంలో కూడా చిక్కున్నది. ‘మార్టియో’ అన్న పాఠం, ‘మాటియో’ అన్న పాఠం రెండూ చర్చలో ఉన్నాయి. మొదటిది సరైనదైతే అది యుద్ధదేవత అయిన మార్స్ పేరుతో ముడిపడుతుంది. రెండవదైతే మాటియారీ అనే సైనికదళాల పేరుకు చేరువవుతుంది. ఒక్క అక్షరం తేడాతో ఒక ఆయుధపు పుట్టుక కథ మారిపోతున్నది.

అజ్ఞాతకర్త చిత్రాలు

రెండవ గ్రంథం ‘యుద్ధ విషయాలు’ అనే అర్థం వచ్చే డె రేబుస్ బెల్లికిస్. కర్త పేరు తెలియదు. నాల్గవ శతాబ్ది ఉత్తరార్ధంలో, 378లో ఏడ్రియనోపుల్ పరాజయానికి కొద్దికాలం ముందు వ్రాసి ఉంటాడని ఎక్కువమంది అభిప్రాయం. పన్నుల భారం, నాణాల మోసం, అధికారుల లంచగొండితనం వంటి విషయాలను చక్రవర్తులకు విన్నవించి, తక్కువమందితో సరిహద్దులను కాపాడటానికి కొన్ని యంత్రాలనూ ఆయుధాలనూ సూచించాడు. ఎద్దులు తిప్పే చక్రాలతో నడిచే యుద్ధనౌక, కొడవళ్లు బిగించిన రథాలు, గాలి నింపిన తోలుతిత్తుల వంతెన వంటివి అతని ప్రతిపాదనలలో కొన్ని. ప్రతిదానికీ చిత్రం జోడించాడు.

ఇందులో ప్లంబాటాలు రెండు రకాలు. మొదటిది ‘ప్లంబాటా ట్రిబులాటా’. దానిని అతడు వర్ణించిన తీరు ఇది. ఇది ఈకలు గల బాణంలా ఉంటుంది గాని వింటితో గాని, బాలిస్టా యంత్రంతో గాని విడిచేది కాదు. చేతి బలంతో విసిరితే దగ్గరలోని శత్రువును తాకుతుంది. బాణంలా చెక్కిన కర్రకు వేటబల్లెం వంటి ఇనుపమొన జాగ్రత్తగా తొడుగుతారు. ఆ మొన గొట్టం కొంచెం పొడవుగా సాగి ఉంటుంది. దానికి కాస్త పైగా సీసం బిగించి, దానినుంచి ముళ్లు పొడుచుకు వచ్చేలా చేస్తారు. వేగం కోసం పైకొసన ఈకలు అమర్చి, ఈకలకు ఆవల వేళ్లతో పట్టుకోవడానికి కొంత చోటు వదులుతారు. విసిరినది గురి తప్పి నేలమీద పడినా, ఆ ముళ్లు తొక్కినవారి కాళ్లలో దిగుతాయి.

ట్రిబులాటా అన్న విశేషణానికి మూలమైన లాటిన్ మాటకు పల్లేరు అని అర్థం. మన చేలగట్ల మీద పాకే పల్లేరుమొక్కకు వృక్షశాస్త్రజ్ఞులు పెట్టిన పేరు కూడా ట్రిబులస్ టెరెస్ట్రిస్ కావడం గమనించదగ్గది. ఎలా పడినా ఒక ముల్లు పైకి నిలిచే పల్లేరుగాయను చూసినవారికి ఆ ఆయుధపు ఆలోచన వెంటనే బోధపడుతుంది. రెండవ రకమైన ‘ప్లంబాటా మామిల్లాటా’కు ముళ్లు ఉండవు. దానికి గుండ్రంగా ఉండి కొస వాడిగా తేలిన ఇనుపమొన ఉంటుంది. డాళ్లను సులువుగా చీల్చడం దాని ప్రయోజనం.

వెజీషియస్ విడిచిపెట్టిన ఖాళీలను ఈ అజ్ఞాతకర్త చాలావరకు పూరించాడు. అయినా అతనిని యథాతథంగా స్వీకరించడానికి రెండు ఆటంకాలున్నాయి. మొదటిది, అతడు స్వభావరీత్యా నూతన కల్పనలు చేసేవాడు. ముళ్ల ప్లంబాటా అప్పటికే సైన్యంలో ఉన్నదా, లేక ఎద్దుల నౌకలాగా అతని ప్రతిపాదన మాత్రమేనా అన్న సందేహం సహజం. రెండవది, చిత్రాలు మనకు చేరిన మార్గం. ఆ గ్రంథం, నోటీషియా డిగ్నిటాటుం కలిసి ఉన్న పాతప్రతి ఒకటి జర్మనీలోని స్పెయర్ ప్రధానాలయ గ్రంథాలయంలో ఉండేది. 1436లో బాసెల్ మత మహాసభకు వచ్చిన పీట్రో డొనాటో అనే బిషప్ దానికి నకలు వ్రాయించాడు. అది ఇప్పుడు ఆక్స్‌ఫర్డ్‌లో ఉన్నది. 1542లో ఆటోహైన్రిక్ అనే రాకుమారునికోసం తయారైన మరొక నకలు మ్యూనిక్‌లో ఉన్నది. 1552లో గెలేనియస్ బాసెల్‌లో దీనిని అచ్చువేశాడు. ఆ తరువాత మూలప్రతి కనిపించకుండా పోయింది. మ్యూనిక్ సంపుటంలో నోటీషియా చిత్రాలు రెండు వరుసలుగా ఉన్నాయి. ఒక వరుస పదహారవ శతాబ్ది చిత్రకారుని అభిరుచికి తగినట్లు తీర్చినది, రెండవది మూలాన్ని అనుసరించి గీసినది. నకలు వ్రాసేవాడు తన కాలపు కళ్లతో చూస్తాడనడానికి ఇంతకంటే వేరే నిదర్శనం అక్కరలేదు. కనుక ఈ గ్రంథంలోని చిత్రం నుంచి ఆయుధపు కొలతలు తీయడం సాహసమే. ఆకారాన్ని సూచించడం వరకే ఆ చిత్రం సాక్ష్యం చెల్లుతుంది.

నేలలో దొరికిన ఇనుము, సీసం

గ్రంథాల మాట నిజమేనని తేల్చినది పురావస్తు సాక్ష్యం. బ్రిటన్‌లోని రాక్సెటర్ ఒకప్పటి రోమన్ నగరం. అక్కడ దొరికిన మూడు వస్తువులను ప్లంబాటాలుగా గుర్తిస్తూ 1974లో మస్టీ, బార్కర్ అనే పరిశోధకులు ఒక వ్యాసం ప్రకటించారు. వాడియైన ఇనుపమొన, దాని కింద కడ్డీ, కడ్డీ చుట్టూ సీసపు గుండు - తుప్పు పట్టిన ఇటువంటి ముక్క చేతికి వస్తే, గ్రంథం చదవనివారు దానిని ఏ తూకపురాయిగానో, ఏ పనిముట్టు భాగంగానో ఎంచే అవకాశమున్నది. గుర్తింపు జరిగిన తరువాత ఇతర దేశాల సంగ్రహాలలోని వస్తువులకు కూడా పేరు దొరికింది. 1991లో ఫోలింగ్ అనే జర్మన్ పరిశోధకుడు ఆనాటికి తెలిసినవాటిని క్రోడీకరించి గ్రంథసాక్ష్యంతో కలిపి పరిశీలించాడు. బ్రిటన్ మొదలు రైన్, డాన్యూబ్ నదుల సరిహద్దుల వెంట బాల్కన్ ప్రాంతం దాకా ఇవి దొరికాయి. ఇల్లిరికం పేరు చెప్పిన వెజీషియస్ మాటకు ఈ విస్తృతి అనుకూలంగానే ఉన్నది.

వస్తువులు గ్రంథాన్ని బలపరచడమే కాదు, సరిదిద్దుతాయి కూడా. దొరికినవాటిలో అధికభాగం వెనక్కి తిరిగిన కొక్కెం వంటి ముల్లుగల మొనలు. అజ్ఞాతకర్త చెప్పిన, సీసంనుంచి పల్లేరులా పొడుచుకు వచ్చే ముళ్లు మాత్రం వాటిలో కనిపించవు. కనుక ముళ్లు లేని సాధారణ ప్లంబాటాయే సైనికుని చేతిలో ఉండేదనీ, ముళ్ల రకం సైన్యంలో ప్రవేశించని ప్రతిపాదనో, అరుదైన ప్రయోగమో అయి ఉంటుందనీ భావించడం సమంజసం. తయారీ విధానాన్ని కూడా వస్తువులే చెబుతాయి. ఇనుము, కర్ర కలిసే చోట కరిగించిన సీసం పోసి బిగించేవారు. సీసం 327 డిగ్రీల సెంటీగ్రేడు వేడికే కరుగుతుంది కనుక దండు విడిదిలోని మామూలు పొయ్యి చాలు. నోటీషియాలో సామ్రాజ్యమంతటా 30కి పైగా ప్రభుత్వ ఆయుధశాలల పేర్లున్నాయి. కాంకార్డియా, మాటిస్కో వంటి చోట్ల బాణాల కర్మాగారాలు ప్రత్యేకంగా ఉన్నాయి. ప్లంబాటా పేరిట మాత్రం ఏ కర్మాగారమూ లేదు. స్థానికంగానే చాలావరకు తయారయ్యేవనడానికి ఇదొక సూచన కావచ్చు.

అయితే కర్ర, ఈక నేలలో నిలిచేవి కావు. అందుచేత ఆయుధపు మొత్తం పొడవు ఈనాటికీ ఊహామాత్రమే. ఇక్కడ వెజీషియస్ చెప్పిన చిన్నమాట ఒక హద్దును సూచిస్తుంది. అయిదు ప్లంబాటాలు డాలు లోపలివైపున ఇమడాలి. యూఫ్రటీస్ ఒడ్డున డ్యూరా యూరోపస్‌లో దొరికిన మూడవ శతాబ్ది నాటి అండాకారపు డాళ్లు మీటరు కంటే కొంచెం ఎక్కువ ఎత్తున్నాయి. కనుక ప్లంబాటా మీటరు లోపే ఉండాలి. చేతిపట్టు, డాలుపట్టీలు అడ్డురాకుండా ఉండాలంటే ఇంకా పొట్టిదై ఉండాలి. ఒక్కొక్కటి 200 గ్రాములనుకున్నా అయిదింటి బరువు కిలో అవుతుంది. ఎడమచేతి మీద అంత అదనపు భారం మోసినందువల్లనే కాబోలు, వెజీషియస్ వారి బలాన్ని కూడా ప్రశంసించాడు.

విసిరి చూసిన ఫలితం

రెండు గ్రంథాలకు ఒకచోట పొత్తు కుదరదు. బల్లేలు తగిలే దూరానికి ముందే ప్లంబాటా తాకుతుందని వెజీషియస్ అంటే, దగ్గరలోని శత్రువును తాకుతుందని అజ్ఞాతకర్త అంటాడు. ఎవరి మాట నిజం? గ్రంథాలను ఎన్నిసార్లు చదివినా ఈ ప్రశ్న తేలదు. నమూనాలు చేసి విసిరి చూడటమొక్కటే మార్గం. గత శతాబ్ది ఉత్తరార్ధం నుంచి పరిశోధకులు, ఔత్సాహికులు అలా చేసి చూశారు. తోక కొసన పట్టుకొని, చేతిని కిందినుంచి పైకి ఊపి విసిరితే ప్లంబాటా సుమారు 60 మీటర్లు పోయింది. మామూలు బరువైన బల్లెం 30 మీటర్ల దూరం పోవడమే గొప్ప. ముందు సీసం బరువు, వెనుక ఈకల నిలకడ ఉన్నందువల్ల ఆయుధం గాలిలో ఎత్తుకు లేచి మొన కిందికి తిప్పుకొని ఏటవాలుగా దిగుతుంది. అంటే ముందువరుస డాళ్ల మీదుగా వెనుకవరుసల తలలమీద, భుజాలమీద, గుర్రాల వీపులమీద పడుతుంది. తల పైనుంచి నేరుగా విసిరితే అంత దూరం పోదు గాని, దగ్గరలోని గురిని మరింత సూటిగా తాకుతుంది.

ఈ ప్రయోగాలతో రెండు మాటలకూ చోటు దొరికింది. వెజీషియస్ దానిని బల్లెంతో పోల్చాడు కనుక అతనికది దూరంగా పోయేదిగా కనిపించింది. అజ్ఞాతకర్త దానిని విల్లు, బాలిస్టాలతో పోల్చాడు కనుక అతనికది దగ్గర ఆయుధంగా తోచింది. కొలబద్ద మారడం వల్ల కలిగిన భేదమే తప్ప ఇది పరస్పర విరోధం కాదు. ఎత్తునుంచి విసిరిన ప్లంబాటాలు, లాంకియాలు, వెరూటాలు, స్పిక్యులాలు కింద ఉన్నవారిమీద మరింత ఉధృతంగా పడతాయని కోటరక్షణ సందర్భంలో వెజీషియస్ చెప్పిన మాట కూడా ఈ ప్రయోగాల వెలుగులో చక్కగా అర్థమవుతుంది.

పేరు మారిన పిలుం

తక్కిన రెండు ఆయుధాల విషయంలో పరిస్థితి తలకిందులు. ఇక్కడ వెజీషియస్ కొలతలు ఇచ్చాడు. పెద్దదానికి తొమ్మిది అంగుళాల ముక్కోణపు ఇనుము, అయిదున్నర అడుగుల కర్ర ఉంటాయనీ, పూర్వం పిలుం అనేవారనీ, ఇప్పుడు స్పిక్యులం అంటారనీ వ్రాశాడు. చిన్నదానికి అయిదు అంగుళాల ఇనుము, మూడున్నర అడుగుల కర్ర. దాని పాతపేరు వెరిక్యులం, ఇప్పటి పేరు వెరూటం. రోమన్ అడుగు సుమారు 29.6 సెంటీమీటర్లు, అందులో పన్నెండవ వంతు అంగుళం. ఆ లెక్కన స్పిక్యులం ఇనుము 22 సెంటీమీటర్లు, కర్ర 163 సెంటీమీటర్లు. వెరూటం ఇనుము 12 సెంటీమీటర్లు, కర్ర 104 సెంటీమీటర్లు.

కొలతలు ఉన్నంతమాత్రాన చిక్కు తీరలేదు. క్రీస్తుపూర్వం రెండవ శతాబ్దిలో పోలిబియస్ వర్ణించిన పిలుంలో ఇనుము పొడవు కర్ర పొడవుతో సమానం, ఒక్కొక్కటి మూడు మూరలు. దానితో పోలిస్తే వెజీషియస్ చెప్పిన ఇనుము చాలా చిన్నది. ఆ తొమ్మిది అంగుళాలు మొనకు మాత్రమేనా, కడ్డీతో కలిపా? మొనకు మాత్రమే అయితే కడ్డీ కొలత అతడు చెప్పలేదు. కలిపి అయితే ఆయుధం పాత పిలుం కాదు, పేరు మాత్రమే దాని వారసత్వం. మరొకచోట అతడే పిలుం ఇనుమును తొమ్మిది అంగుళాలు లేదా ఒక అడుగు అని చెప్పి, అది డాలులో దిగితే నరికి తీయడం సాధ్యం కాదనీ, ఇప్పుడు మనలో అరుదైపోయిందనీ అన్నాడు. ‘ఇప్పుడు’ అన్న మాట ఉన్న వాక్యభాగాన్ని అతని కాలపు సాక్ష్యంగానూ, తక్కినదానిని గ్రంథస్థ సంప్రదాయంగానూ విడదీసి చదవడమే క్షేమం. ఆ విధంగా చదివినప్పుడు స్పిక్యులం, వెరూటం అనే పేర్లు అతని కాలపువని మాత్రం నిశ్చయంగా చెప్పవచ్చు.

అమ్మియానస్ మార్సెలినస్ వంటి సమకాలిక చరిత్రకారుడు ఈ లోటు తీర్చి ఉండవలసింది. అతడు స్వయంగా సైనికోద్యోగి, నాల్గవ శతాబ్ది యుద్ధాలను దగ్గరనుంచి చూసినవాడు. 377లో గోత్‌లతో జరిగిన పోరాటంలో ఇరుపక్షాలూ వెరూటాలూ తదితర ఆయుధాలూ విసురుకున్నారని అతడు వ్రాశాడు. 378లో ఏడ్రియనోపుల్ యుద్ధంలో సేనలు చెదిరిపోయినప్పుడు లాంకియారీ, మాటియారీ దళాలు కదలక నిలిచాయనీ, వాలెన్స్ చక్రవర్తి వారి మధ్యకు చేరాడనీ చెప్పాడు. కాని మాటియారీలు ఏ ఆయుధంతో పోరాడారో చెప్పలేదు. ఉన్నతశైలిలో చరిత్ర వ్రాసేవారికి శిబిరంలోని సాంకేతిక పదాలు అంతగా రుచించేవి కావు. ‘ఆయుధాలు’, ‘విసిరేవి’ అన్న సామాన్యపదాలే వారికి మర్యాదగా కనిపించాయి. ప్లంబాటా రూపం తెలుసుకోవడానికి యుద్ధం చూసిన చరిత్రకారుడు కాక, పశువైద్యం వ్రాసిన ఒక అధికారి, పేరు తెలియని ఒక ప్రతిపాదకుడు మనకు దిక్కు కావడానికి కారణం ఇదే.

ఆయుధం వాడుకలో కొనసాగిందనడానికి మరొక సాక్ష్యం ఆరవ శతాబ్ది చివర గ్రీకులో వెలువడిన స్ట్రాటెగికాన్. 582 నుంచి 602 వరకు పాలించిన మారిస్ చక్రవర్తి పేరిట ప్రసిద్ధమైన ఆ గ్రంథంలో పదాతులు ‘మార్ట్జోబార్బులా’ విసరడం అభ్యసించాలని ఉన్నది. లాటిన్ పదం గ్రీకు నాలుకమీద ఇలా మారింది. అందులోని ‘ర’కారం, మార్టియో అన్న పాఠానికి బలం చేకూర్చుతున్నది. డాలు లోపలి అమరిక స్థానంలో ఇప్పుడు తోలు ఒరలు వచ్చాయి. మూడు వందల ఏండ్లలో ఆయుధం మోసే పద్ధతి మారిందన్నమాట. ఒక శతాబ్ది గ్రంథంలోని వివరాన్ని మరొక శతాబ్ది సైనికునికి అంటగట్టరాదని ఇది హెచ్చరిస్తుంది.

మన గ్రంథాలకూ ఇదే పరీక్ష

ఈ సమస్య రోమన్‌లకు మాత్రమే పరిమితం కాదు. కౌటిలీయ అర్థశాస్త్రంలోని ఆయుధాగారాధ్యక్ష ప్రకరణంలో శక్తి, ప్రాసం, కుంతం, భిండిపాలం, శూలం, తోమరం మొదలైనవి నాగటికర్రు వంటి మొన గలవిగా పేర్కొనబడ్డాయి. రూపాలు, కొలతలు వ్యాఖ్యాతలు చెప్పినవి. ఉదాహరణకు తోమరం అంటే బాణపు మొన వంటి మొనగల నాలుగు, నాలుగున్నర లేదా అయిదు మూరల కర్ర అని వ్యాఖ్యానం. వ్యాఖ్యాత దానిని ఆయుధాగారంలో చూసి చెప్పాడా, పూర్వగ్రంథం చూసి చెప్పాడా? వెజీషియస్‌ను అడిగిన ప్రశ్నే ఇక్కడా అడగవలసి ఉంటుంది. తెలుగు భారతం చదివేవారికి సుపరిచితమైన భిండివాలం సంగతి మరీ విచిత్రం. చేతితో విసిరే చిన్న బల్లెమని కొందరు, రాయిని విసిరే వడిసెల వంటిదని కొందరు అర్థం చెప్పారు. ఈ రెండింటికీ ఎంత దూరమో చెప్పనక్కరలేదు. శిల్పాలలోని ఆయుధాలను, తవ్వకాలలో దొరికిన ఇనుపముక్కలను గ్రంథాలలోని పేర్లతో ముడిపెట్టేటప్పుడు ప్లంబాటా కథ మనకు ఉపకరిస్తుంది.

ఆ కథ నేర్పేది ఒక క్రమశిక్షణ. సీసం తొడిగిన ఇనుపమొన ఉండేదన్నది దొరికిన వస్తువులు చెప్పిన సత్యం. దానికి ఈకలు ఉండేవన్నది గ్రంథం చెప్పగా, ప్రయోగం బలపరచిన విషయం. అయిదేసి డాలులో పెట్టుకునేవారన్నది ఒక్క గ్రంథకర్త సాక్ష్యం. కర్ర పొడవు నేటివారి అంచనా. ముళ్ల ప్లంబాటా బహుశా ఒక ప్రతిపాదకుని ఊహ. ప్రదర్శనశాల గాజుపెట్టెలో ఉంచిన నమూనాలో ఇవన్నీ ఒకే మెరుగుతో, ఒకే నిశ్చయంతో కనిపిస్తాయి. చూసేవారికి ఆ తేడా తెలియదు. పునర్నిర్మాణం చేసేవారు ఏది దొరికినది, ఏది చదివినది, ఏది ఊహించినది అని పక్కనే చీటీ వ్రాసి పెట్టడం చిన్నపనిగా కనిపించవచ్చు. కాని అది లేనప్పుడు మన ఊహ తరువాతి తరానికి ఆధారంగా మారుతుంది. కేటో మాటలనూ తన కాలపు మాటలనూ కలిపి వ్రాసిన వెజీషియస్ మనకు మిగిల్చిన చిక్కునే అప్పుడు మనమూ వారికి మిగిల్చినవాళ్లమవుతాము.